మా గిత్త... ఫోర్డ్ టారస్ జ్ఞాపకాలు

మాకు అమెరికాలో ఒక గిత్త ఉండేది. ముదురు ఆకుపచ్చ రంగు, 1995 మోడల్ ఫోర్డ్ టారస్. టారస్ అంటే వృషభం నాన్నా అని ఫోన్లో చెప్పిన రోజు నుంచి మా నాన్నకి అది కారు కాదు, గిత్త. మాది ఒంగోలు, ఇంకే పేరు పెడతాడు మరి. కాలింగ్ కార్డులు కొనుక్కుని ఆదివారం ఆదివారం ఫోన్ చేసే రోజులవి, తిన్నావా, చలికి టోపీ పెట్టుకుంటున్నావా అని అమ్మ అడగటం అయిపోయాక నాన్న ఫోన్ తీసుకుని ముందు అడిగేది "గిత్త ఎట్టా ఉందిరా" అనే. నేను ఎట్టా ఉన్నానో గిత్తని బట్టి అంచనా వేసుకునేవాడు అనుకుంటా.

నాన్న గురించి ఒక ముక్క చెప్పకపోతే ఈ కారు మీద నాకెందుకింత ప్రేమో అర్థం కాదు. నాన్న ఇరవై రెండేళ్ళు ఒంగోలులో అంబాసిడర్ టాక్సీ నడిపాడు. పాత మోడల్ అంబాసిడర్, గేరు కింద కాదు స్టీరింగ్ పక్కనే ఉండేది, హ్యాండ్ గేరు అనేవాళ్ళం. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బల్ల సీటు. పెళ్ళిళ్ళ సీజన్లో ముందు ముగ్గురు, వెనక ఐదుగురు, పిల్లలు లెక్కలోకి రారు. బేరం లేని రోజు సాయంత్రం మమ్మల్ని కొత్తపట్నం బీచ్‌కి తీసుకెళ్ళేవాడు, అమ్మ కిటికీ పక్కన, నేను మధ్యలో, చెల్లి అమ్మ ఒళ్ళో. నాన్న గేరు మార్చినప్పుడల్లా ఆయన మోచెయ్యి నా భుజానికి తగిలేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కారు అంటే అదే, ముందు సీట్లో ముగ్గురు పక్కపక్కన కూర్చుని ఒకే రోడ్డుని చూడటం.

1998 జనవరిలో మిషిగన్ వచ్చాను. వైటూకే పని మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పు పడకుండా సరిచేసే పని మీద మనవాళ్ళు గుంపులు గుంపులుగా వస్తున్న టైం అది, మేం నలుగురం ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఒక రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, ఆఫీసు డియర్‌బోర్న్ వైపు, బస్సు అనే మాటే లేదు, బయట మోకాళ్ళ లోతు మంచు. కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊరు. మనవాళ్ళలో ఎవర్ని అడిగినా ఒకటే మాట, టొయోటా కేమ్రీ కొను లేదా హోండా అకార్డ్ కొను, కళ్ళు మూసుకుని కొను, అమ్మినా మంచి రేటు వస్తుంది. అందులో తప్పేం లేదు, కానీ నా దగ్గరున్న డబ్బులకి ఆ రెండూ బాగా పాతవే వచ్చేవి, లక్ష మైళ్ళు దాటినవి.

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, ఫోర్డ్ వాళ్ళ డియర్‌బోర్న్ రూజ్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైర్ అయినాయన, భార్య పోయింది, కూతురు ఎక్కడో అరిజోనాలో. మేం చెప్పులు లేకుండా మంచులోకి చెత్త వెయ్యటానికి పరిగెత్తితే తిట్టేవాడు, ప్రేమగానే. కళ్ళు సరిగ్గా కనపడట్లేదు, కారు అమ్మేస్తున్నా, కావాలా అన్నాడు ఒకరోజు మార్చి నెలలో. 41 వేల మైళ్ళు తిరిగింది, రేటు ఏడు వేల డాలర్లు. నేను కొనాలని కాదు, చూద్దామని వెళ్ళాను. డోర్ తీసి కూర్చున్నాను. స్టీరింగ్ పక్కన గేరు. పక్కన ఖాళీ లేకుండా సీటు. మధ్యలో ఉన్న చెయ్యి ఆనించుకునేదాన్ని పైకి మడిస్తే ముందు ముగ్గురు కూర్చోవచ్చు. నేను కుడి చెయ్యి ఆ మధ్య సీటు మీద పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు, ఆ పెద్దాయన కిటికీ అద్దం మీద తట్టి, స్టార్ట్ చెయ్యటం వచ్చా నీకు అని అడిగాడు. రూమ్మేట్లు ముగ్గురూ తలా వెయ్యి అప్పు ఇచ్చారు, నా దగ్గర నాలుగు ఉన్నాయి, అయిపోయింది బేరం.

ఈ కారు కథ నాకు మొదట చెప్పింది ఆయనే. తర్వాత నేను దొరికినదల్లా చదివాను కానీ ఆయన మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాలుస్తూ చెప్పినట్టు ఏ పుస్తకంలోనూ లేదు.

1980 నుంచి 82 వరకు మూడేళ్ళలో ఫోర్డ్ కంపెనీకి 300 కోట్ల డాలర్లకి పైగా నష్టం. పెట్రోల్ రేట్లు పెరిగి జనం జపాన్ కార్లకి మళ్ళిపోయారు, డెట్రాయిట్‌లో తయారయ్యేవేమో చెక్కపెట్టెల్లా మూలలు తేలిన పెద్ద పెద్ద కార్లు. ప్లాంట్లలో మనుషుల్ని తీసేస్తున్నారు. ఆ పెద్దాయన కూడా అప్పుడు కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడట, ఆ మాట చెప్పినప్పుడు సిగరెట్ వైపు చూస్తూ ఆగిపోయేవాడు. అలాంటి టైంలో ఉన్న డబ్బంతా ఊడ్చి సుమారు 300 కోట్ల డాలర్లు ఒకే ఒక్క కారు మీద పెట్టారు. అది గనక పోయి ఉంటే కంపెనీయే పోయేది అని అప్పట్లో అందరూ అనుకున్న మాటే. లూయిస్ వెరాల్డీ అనే ఇంజనీరు చేతిలో పెట్టారు ఆ పని. పేరు కూడా ఎలా వచ్చిందంటే, వెరాల్డీ భార్యది, ఆయనతో పనిచేసిన జాన్ రిస్క్ భార్యది ఇద్దరిదీ వృషభ రాశి అట, అందుకని ప్రాజెక్టుకి ఊరికే టారస్ అని పెట్టుకున్న పేరు చివరికి కారుకి అదే ఉండిపోయింది. ఇది మా అమ్మకి చెప్తే ఎంత సంతోషపడిందో, అమెరికా వాళ్ళు కూడా రాశి చూసే పేరు పెట్టారన్నమాట అని.

వెరాల్డీ చేసిన పెద్ద పని ఏంటంటే మనుషుల్ని ఒక చోట కూర్చోబెట్టటం. అంతకుముందు డిజైన్ వాళ్ళు బొమ్మ గీసి ఇంజనీర్ల మీద పడేసేవాళ్ళు, ఇంజనీర్లు కిందా మీదా పడి ప్లాంట్ వాళ్ళకి ఇచ్చేవాళ్ళు, ప్లాంట్ వాళ్ళు ఇది బిగించటం కుదరదు మొర్రో అంటే వినే నాథుడు లేడు. టారస్‌కి అలా కాదు, మొదటి రోజు నుంచే డిజైన్, ఇంజనీరింగ్, ప్లాంట్, పార్టులు సప్లై చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, రిపేర్ చేసేవాళ్ళు అందరూ ఒకే టీం, టీం టారస్ అన్నారు దాన్ని. లైన్ మీద నట్లు బిగించే వాళ్ళని కూడా అడిగారు, మీకేం కష్టంగా ఉంది చెప్పండి అని. ఒక్కో బోల్టు ఒక్కో సైజు ఉంటే మేం టూల్ మార్చలేక చస్తున్నాం, సైజులు తగ్గించండి అన్నారట వాళ్ళు. అకార్డ్, కేమ్రీ, ఆడి లాంటి కార్లు కొనుక్కొచ్చి ముక్కలు ముక్కలుగా విప్పి, ఏది ఎవరు బాగా చేశారో 400 విషయాల లిస్టు రాసుకున్నారు, డోర్ మూసినప్పుడు వచ్చే శబ్దం దగ్గర నుంచి స్టెప్నీ బయటికి తియ్యటం ఎంత సులువు అన్నదాకా. మా పెద్దాయన దీని గురించి చెప్పేటప్పుడు వేలు పైకెత్తి చెప్పేవాడు, మమ్మల్ని అడిగారయ్యా, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు, మా వాళ్ళని అడిగారు అని. ఆయన పనిచేసిన ప్లాంట్‌లో టారస్ తయారు కాలేదు, అవి షికాగోలో, జార్జియాలో అట్లాంటా పక్కన ఉన్న హేప్‌విల్‌లో తయారయ్యేవి, అయినా ఆయనకి అది మా వాళ్ళ కారే.

ఆకారం గురించి ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే ఇప్పుడు అన్ని కార్లూ అలాగే ఉన్నాయి. జాక్ టెల్నాక్ అని డిజైన్ పెద్ద, ఆయన్ని డొనాల్డ్ పీటర్సన్ అనే బాస్ ఒకసారి అడిగాడట, మనం చేస్తున్న కారు నీ ఇంటి ముందు పెట్టుకోవాలని నీకుందా అని. లేదు అన్నాడట టెల్నాక్. అయితే నీకు నచ్చేది గియ్యి అన్నాడట. ఆ మాట నుంచి మొదట 1983 థండర్‌బర్డ్ వచ్చింది, తర్వాత టారస్. మూలలు లేవు, గాలి జారిపోయేలా గుండ్రంగా, హెడ్‌లైట్లు బాడీలో కలిసిపోయి, ముందు గ్రిల్ అనేదే లేకుండా మధ్యలో ఒక చిన్న ఖాళీ, అందులో నీలం ఫోర్డ్ గుర్తు. 1985 డిసెంబర్ 26న షోరూముల్లోకి వచ్చింది, 1986 మోడల్‌గా. సబ్బు బిళ్ళలా ఉందని కొందరు, జెల్లీ బీన్ బిళ్ళలా ఉందని కొందరు వెక్కిరించారు కానీ జనం ఎగబడ్డారు, ఆ ఏడాది మోటార్ ట్రెండ్ పత్రిక వాళ్ళ కార్ ఆఫ్ ది ఇయర్ కూడా అదే. దీనికి కవల తోబుట్టువు మెర్క్యురీ సేబుల్, దానికి ముందు వైపు ఈ లైటు నుంచి ఆ లైటు దాకా తెల్లటి వెలుగు పట్టీ ఉండేది, రాత్రి పూట ఎదురొస్తుంటే భలే ఉండేది చూడటానికి.

1992లో హోండా అకార్డ్‌ని దాటి అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన కారు అయింది, ఆ ఒక్క ఏడాదే 4 లక్షలు దాటాయి. 1996 దాకా వరుసగా ఐదేళ్ళు అదే నంబర్ వన్. అందులో రెంటల్ కంపెనీలకి అమ్మినవి చాలా ఉన్నాయి అంటారు, నిజమే, అప్పట్లో ఏ ఎయిర్‌పోర్ట్‌లో కారు రెంట్‌కి తీసుకున్నా చేతిలో టారస్ తాళాలే పెట్టేవాళ్ళు. దాన్ని తక్కువగా చూసేవాళ్ళని చూశాను నేను, నాకు మాత్రం అది తక్కువ అనిపించలేదు, టాక్సీ డ్రైవర్ కొడుకుని కదా, పది మందిని మోసే బండి మీద నాకు గౌరవమే.

నాది 3 లీటర్ల వీ6, వల్కన్ అంటారు ఆ ఇంజన్‌ని, 140 హార్స్‌పవర్. పాత పద్ధతిలో పుష్‌రాడ్‌లతో చేసిన ఇనప ఇంజన్, దూకుడు లేదు, గొడవా లేదు. 3.8 లీటర్లది కూడా ఉండేది కానీ దానికి హెడ్ గాస్కెట్ బాధలు ఉండేవని అందరికీ తెలుసు, మా పెద్దాయన నాకు కారు అమ్ముతూ చెప్పిన మొదటి మాట కూడా ఇది మూడు లీటర్లది, భయపడకు అనే. యమహా వాళ్ళు చేసిన 220 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టి, ఐదు గేర్ల మాన్యువల్‌తో ఎస్‌హెచ్‌ఓ అని 1989 మోడల్ నుంచి ఒకటి అమ్మారు, పైకి చూస్తే మామూలు టారస్, లోపల ఇంకో జంతువు. ఒకే ఒక్కసారి ఎక్కాను దాన్ని, ఆఫీసులో ఒకతను లంచ్‌కి తీసుకెళ్ళాడు, ఐ-94 ఎక్కే ర్యాంప్ మీద నా వీపు సీటుకి అతుక్కుపోయింది.

కానీ నాకు ఇష్టమైనవి పెద్ద విషయాలు కావు. డ్రైవర్ డోర్ మీద హ్యాండిల్ పక్కన ఐదు బటన్లు ఉండేవి, 1-2, 3-4, 5-6, 7-8, 9-0 అని. ఐదంకెల కోడ్ నొక్కితే డోర్ తెరుచుకుంటుంది, వెంటనే 3-4 నొక్కితే మిగతా డోర్లు, 5-6 నొక్కితే డిక్కీ. వెళ్ళేటప్పుడు 7-8, 9-0 రెండూ కలిపి నొక్కితే అన్నీ లాక్. మిషిగన్ చలిలో దీని విలువ ఏంటో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, తాళాలు లోపలే వదిలేసి డోర్ లాక్ చేసి పైకి వచ్చేసేవాణ్ణి. టీ తాగి కిందకి వెళ్ళేసరికి అద్దం మీద మంచు కరిగి పాయలు పాయలుగా కారుతూ ఉండేది. గ్లౌజ్ ఒకటి తీసి, చల్లగా గట్టిగా ఉన్న ఆ రబ్బరు బటన్లు ఐదు నొక్కగానే లోపల టక్ మని శబ్దం, డోర్ తియ్యగానే మొహానికి వెచ్చటి గాలి, అందులో ముందు రోజు తెచ్చిన కొత్తిమీర వాసన. మా నలుగురికీ ఆ కోడ్ తెలుసు, ఆ కారు ఒక రకంగా నలుగురిది. శుక్రవారం సాయంత్రం ఆరుగురం ఎక్కి ఇండియన్ షాపుకి వెళ్ళేవాళ్ళం, ముందు ముగ్గురు, వెనక ముగ్గురు, డిక్కీలో సోనా మసూరి బస్తాలు. డిక్కీలో ఒక వల ఉండేది, సరుకుల సంచులు ఒరిగిపోకుండా నిలబెట్టుకోవటానికి. పెరుగు డబ్బా ఒలకకుండా ఇంటికి రావటం ఎంత పెద్ద విషయమో ఒంటరిగా వండుకుని తినే నలుగురు మగపిల్లలకి తెలుస్తుంది.

పెళ్ళి 2000లో అయింది. మా ఆవిడ విజయనగరం అమ్మాయి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి ఈ కారులోనే తీసుకొచ్చాను, ఫిబ్రవరి, చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నది కాస్తా హైవే ఎక్కాక మెల్లగా మధ్యలోకి జరిగింది, చలేస్తోంది అంది. ఇంతకన్నా రాయను ఇక్కడ.

2003 వేసవిలో అమ్మానాన్న వచ్చారు, మా ఆవిడకి ఐదో నెల. అప్పటికి కారు వయసు ఎనిమిదేళ్ళు. డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో నాన్న సామాన్ల ట్రాలీ అక్కడే వదిలేసి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, మామూలుగా మనం సంతలో ఎద్దుని చూస్తామే, అలా. టైరు ఒత్తి చూశాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత ముందు డోర్ తీసి లోపలికి వంగి చూసి, సీటు చూశాడు, స్టీరింగ్ పక్కన గేరు చూశాడు, నా వైపు తిరిగి ఏం అనలేదు. అమ్మతో అన్నాడు, "ఏమే, ముందుకే రా, నువ్వు మధ్యలో కూర్చో" అని. వెనక సీటు మా ఆవిడకి వదిలేసి ముగ్గురం ముందు కూర్చుని ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే నాన్న లేడు. కిందకి దిగితే బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు, పంచె మీద నా జాకెట్ వేసుకుని. కోడ్ అమ్మని అడిగి తెలుసుకున్నాడట, రాత్రి నేను చెప్తుంటే విని ఆమె గుర్తుపెట్టుకుంది. "ఒరేయ్, ఇంజన్ అడ్డంగా పెట్టాడేందిరా" అన్నాడు. ముందు చక్రాలే లాగుతాయి నాన్నా, వెనక్కి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు అన్నాను. ఆయన బానెట్ వదిలేసి గబగబా డోర్ తీసి కింద మ్యాట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, అంబాసిడర్‌లో కింద మధ్యలో ఎత్తుగా ఉండే ఆ దిబ్బ ఇక్కడ అంతగా లేదు, షాఫ్ట్ లేదు కదా మరి. "అదీ సంగతి, మీ అమ్మ కాళ్ళు కుదురుగా పెట్టుకుంది నిన్న, నేను చూశా" అన్నాడు. ఇరవై రెండేళ్ళు మధ్యలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు పైకి లేచి ఉండటం చూసిన మనిషి ఆయన. మళ్ళీ బానెట్ దగ్గరికి వెళ్ళి, ఇవేంట్రా పసుపు రాసినట్టు అన్నాడు. ఆయిల్ చూసే పుల్ల, నీళ్ళు పోసే మూతలు, ఓనరు తన చేత్తో చూసుకోవాల్సినవన్నీ పసుపు రంగులో పెట్టారు ఆ కారుకి, మెకానిక్ కానివాడు కూడా బానెట్ ఎత్తగానే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియాలని. నాన్న ఆ పసుపు రింగులో వేలు పెట్టి పుల్ల బయటికి లాగి, తన పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి ఆకాశానికి ఎత్తి చూశాడు. "ఎవరో నడిపేవాడి గురించి ఆలోచించి చేశార్రా దీన్ని" అన్నాడు. ఆ ఆరు నెలలూ రోజూ పొద్దున ఆయిల్ చూడటం ఆయన పని, నేను ఒక్క రోజు కూడా వద్దనలేదు.

ఒక ఆదివారం మా ఇంటి దగ్గర ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో నాన్న చేతికి ఇచ్చాను. స్టీరింగ్ ఎడమ వైపు, క్లచ్ లేదు. ఎడమ కాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెళ్ళి బ్రేక్ మీద పడింది, అందరం ముందుకి తూలాం. నాన్న ఎడమ కాలుని సీటు కిందకి మడిచి పెట్టేసుకున్నాడు, ఇక ఆ కాలు కదల్లేదు. గేరు మీద చెయ్యి వేసి డ్రైవ్‌లోకి లాగిన తీరు ఉందే, చూసుకోలేదు, వెతుక్కోలేదు, ఏడేళ్ళ కింద బండి అమ్మేసిన మనిషి చెయ్యి అది, నిన్న రాత్రే దిగినట్టు వెళ్ళి సరిగ్గా అక్కడే పడింది. నాలుగు రౌండ్లు తిప్పాడు. అమ్మ మధ్యలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

ఆ ఆగస్టులోనే పిట్స్‌బర్గ్ వెళ్ళాం. మిషిగన్‌లో గుళ్ళు లేక కాదు, ట్రాయ్‌లో భారతీయ టెంపుల్ ఎప్పటి నుంచో ఉంది, కానీ అమ్మకి వెంకటేశ్వరస్వామి దగ్గరికి వెళ్ళాలని, పెన్ హిల్స్ కొండ మీద 1970ల నుంచి ఉన్న ఆ గుడికి చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి మనవాళ్ళు వెళ్ళటం అలవాటే. ఐ-75 మీద టొలీడో దాకా దిగి, ఒహాయో టర్న్‌పైక్ ఎక్కి, క్లీవ్‌లాండ్ కింద నుంచి పెన్సిల్వేనియాలోకి, ఐదు గంటల పైనే పట్టింది ఆగుతూ ఆగుతూ వెళ్ళటంతో. మా ఆవిడ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుంది, ముందు మేం ముగ్గురం. దారంతా నాన్న లారీల పేర్లు చదువుతూనే ఉన్నాడు. అమ్మ పూరీలో కూర పెట్టి చుట్టి ఒకటి నా నోట్లో, ఒకటి నాన్న చేతిలో పెడుతూ ఉంది, మధ్యలో కూర్చున్న మనిషికి ఉండే అధికారం అది, ఇద్దరూ అందుబాటులో ఉంటారు.

గుడి పార్కింగ్‌లో పూజారి గారు కారుకి కూడా పూజ చేశారు, ఎనిమిదేళ్ళ పాత కారుకి ఇప్పుడు పూజేంటి అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. బానెట్ మీద కుంకుమ, నాలుగు నిమ్మకాయలు. బయల్దేరదామంటే స్టార్ట్ కాలేదు, చీకటిగా ఉందని వచ్చేటప్పుడు లోపల లైట్ వేసి నేనే ఆపటం మర్చిపోయాను. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం జంపర్ కేబుల్స్ వేసి స్టార్ట్ చేసిపెట్టారు, పేరు కూడా అడగలేదు వాళ్ళని, పులిహోర ప్యాకెట్లు ఒకరికొకరం ఇచ్చుకున్నాం. అక్టోబర్ నెలాఖరుకి తొందరపడి పాప పుట్టింది, హాస్పిటల్ నుంచి ఇంటికి ఇదే కారులో, పాప వెనక కార్ సీట్లో, నాన్న పక్కనే కూర్చుని కుడి చెయ్యి దాని పొట్ట మీద పెట్టుకుని. ముందు సీట్లో ఆయన కూర్చోకపోవటం అదే మొదటిసారి.

ఇంత మంచి కారు ఎందుకు పోయింది అంటే, పోగొట్టుకున్నారు అనే అంటాను. 1996 మోడల్‌కి ఆకారం పూర్తిగా మార్చేశారు, ఎక్కడ చూసినా కోడిగుడ్డు ఆకారమే, వెనక అద్దం కోడిగుడ్డు, లోపల రేడియో, ఏసీ బటన్లు పెట్టిన పలక కోడిగుడ్డు. రేటు కూడా పెరిగింది. జనానికి నచ్చలేదు, 1997లో కేమ్రీ మొదటి స్థానం పట్టుకుపోయింది. 2000 మోడల్‌కి మళ్ళీ కాస్త మామూలు ఆకారానికి తెచ్చారు, మంచి కారే, కానీ అప్పటికే కంపెనీ మనసంతా ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీ మీద, పికప్ ట్రక్కుల మీద ఉంది, లాభాలు అక్కడున్నాయి కాబట్టి. కేమ్రీని నాలుగైదేళ్ళకోసారి కొత్తగా చేస్తుంటే టారస్‌ని అలాగే వదిలేసి రెంటల్ కంపెనీలకి అమ్ముకుంటూ పోయారు. ఇరవై ఏళ్ళకింద ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగి చేసిన కారుని ఎవర్నీ అడగకుండా ఎండబెట్టారు. నాకు ఇప్పటికీ కోపమే.

2006 అక్టోబర్ 27న హేప్‌విల్ ప్లాంట్‌లో చివరి టారస్ బయటికొచ్చింది, ఆ ప్లాంట్ కూడా మూసేశారు. అప్పటికి సుమారు 70 లక్షలు చేశారు. చివరి కారు ఎవరికి వెళ్ళిందో తెలుసా, చిక్-ఫిలే హోటళ్ళు పెట్టిన ట్రూయెట్ కేథీ గారికి. ఆయన 1946లో మొదటి హోటల్ పెట్టింది హేప్‌విల్‌లోనే, ఆ ప్లాంట్ వాళ్ళు వచ్చి తినేవాళ్ళు, ఆ కృతజ్ఞత. మా పెద్దాయన అప్పటికి అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు, ఫోన్ చేసి చెప్పాను. "నీది నడుస్తోందా?" అని అడిగాడు. నడుస్తోంది అన్నాను. అయితే అయిపోలేదు అన్నాడు.

ఆ 2006 సెప్టెంబర్‌లోనే బోయింగ్ నుంచి అలన్ ములాలీ ఫోర్డ్‌కి పెద్దగా వచ్చాడు, ఇంత మంచి పేరుని ఎలా చంపేశారు అని 2007లో ఫైవ్ హండ్రెడ్ అనే ఇంకో పెద్ద కారుకి టారస్ అని పేరు మార్చాడు. 777 విమానం చేసే రోజుల్లో ఆయన టీం టారస్ పద్ధతిని పాఠంలా చదువుకున్నాడట, అందుకే ఆ పేరంటే అంత ఇది. కానీ అది వేరే కారు, పెద్దది, బరువైనది, ముందు సీట్లు రెండే. అది కూడా 2019 మార్చిలో షికాగోలో ఆగిపోయింది. 2020లో ఫోర్డ్ ఫ్యూజన్, 2024 నవంబర్‌లో జీఎం వాళ్ళ షెవీ మాలిబు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు ఫోర్డ్ వాళ్ళు అమెరికాలో అమ్మే కారు అంటే మస్టాంగ్ ఒక్కటే, మిగతావన్నీ ఎస్‌యూవీలు, ట్రక్కులు.

మా గిత్తని 2009లో ఇచ్చేశాను, లక్షా తొంభై వేల మైళ్ళు దాటాక, గుంటూరు నుంచి ఎంఎస్ చదవటానికొచ్చిన ఒక పిల్లాడికి, డబ్బులు తీసుకోలేదు. కోడ్ ఒక కాగితం మీద రాసిచ్చి, ఐదు బటన్లూ నొక్కి చూపించి, ఆయిల్ పుల్ల పసుపు రంగులో ఉంటుంది, వారానికోసారి అన్నా చూడు బాబూ అని చెప్పాను. అతను వెళ్ళిపోయాక పార్కింగ్‌లో కారు నిలబడిన చోట కింద నాలుగు నూనె చుక్కల మరక చాలా రోజులు కనపడేది.

మొన్న చెల్లెలి ఇంటికి ఆల్ఫరెట్టా వెళ్తూ అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో దిగి, క్యాబ్ డ్రైవర్‌ని అడిగి హేప్‌విల్ వైపు తిప్పించాను. ప్లాంట్ లేదు, ఆ స్థలంలో ఇప్పుడు పోర్షే కంపెనీ అమెరికా ఆఫీసు, పక్కనే కార్లు తిప్పి చూసే ట్రాక్. అందంగానే ఉంది. నేను దిగి రోడ్డు పక్కన రెండు నిమిషాలు నిలబడి ఒక ఫోటో తీసుకున్నాను, ఏముంది ఫోటోలో, గడ్డి, కంచె.

దుబాయ్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఒక ఫోటో పంపాడు ఈ మధ్యే, అక్కడ ఇప్పటికీ టారస్ పేరుతో కారు అమ్ముతున్నారు, చైనాలో తయారై వస్తుంది. అది వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. ఎనభై ఒకటి దాటాయి నాన్నకి, ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ముందు సీట్లు ఎన్ని అన్నాడు. రెండే నాన్నా, మధ్యలో పెద్ద పెట్టె ఉంటుంది, కప్పులు పెట్టుకోవటానికి అన్నాను.

"మరి మీ అమ్మ ఎక్కడ కూర్చుంటదిరా?"

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది, వంటింట్లో నుంచి అనుకుంటా, "ఆ పచ్చ కారులో నాకు మోకాళ్ళకి గేరు తగిలేది కాదు అబ్బాయ్" అని.